మందు తూకం

యార్లినా ఊళ్ళో మందుల షాపు హెడ్లీ నాంకివెల్ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క గుళిక ఎక్కువ పడలేదు, ఒక్క చుక్క తక్కువ పోలేదు. ఆ మాట అతను అనుకున్నది కాదు, ఊరే అనేది. షాపు అమ్మేసి ఇంట్లో కూర్చున్నాక ఆ చేతులకు పనిలేక తోచలేదు. పెరట్లో రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, షాపు నుంచి తెచ్చుకున్న పాత త్రాసును దానిమీద పెట్టుకుని, రైఫిలు తూటాలు తయారుచెయ్యడంలో పడ్డాడు. అంతకుముందూ చేసేవాడే, కాని ఎప్పుడో తీరిక దొరికితే. ఇప్పుడు పొద్దస్తమానం అదే.

"ఆ మందులు వదిలేసి ఈ తుపాకి మందు పట్టుకున్నాడు" అని బార్లీ రైతు అర్నో లిండ్నర్ రైఫిలు క్లబ్బులో అందరిముందూ ఎకసెక్కమాడేవాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్ళు. హెడ్లీ ఏమీ అనుకోకుండా, "ఆ మందులు మింగినవాళ్ళు తిరిగొచ్చి నామీద అరిచేవాళ్ళురా. ఇది నయం, వెళ్ళిందంటే మళ్ళీ రాదు" అనేవాడు.

కొట్లో కొన్న తూటా అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా లాంటిది. ఇంట్లో చేసుకున్నది ఒంటి కొలతలు తీసి కుట్టించుకున్నది. కాల్చి పారేసిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, కడిగి, మూతి సమంగా కోసి, అడుగున ప్రైమర్ అనే చిన్న నిప్పుబిళ్ళ కూర్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగించాలి. మందంటే నల్లటి సన్నపు పుల్లముక్కలు, ఆవగింజంత పొడుగు. హెడ్లీ ఒక్కొక్క పుల్లనూ చిన్న పటకారుతో తీసి త్రాసులో వేసి ముల్లు నిలబెట్టేవాడు. మందు కాస్త ఎక్కువ తక్కువలతో, గుండు కాస్త లోతుగానో పైకో పెట్టి, రకానికి ఐదేసి చేసి, శనివారం రేంజికి, అంటే క్లబ్బు కాల్పుల మైదానానికి, తీసుకెళ్ళి కాగితం మీద కాల్చి చూసేవాడు. ఆ రైఫిలుకు ఏ తూకం నచ్చుతుందో అదే చెప్పాలి. నెలల తరబడి అడగ్గా అడగ్గా ఒకనాటికి చెబుతుంది. ఐదు చిల్లులూ ఒకదానిమీద ఒకటి పడి, మీద పది సెంట్ల బిళ్ళ పెడితే మూసుకుపోతాయి. ఆ కాగితాలు షెడ్డు గోడకు వరసగా కొట్టి ఉండేవి.

హెడ్లీ చేసిన తూటాలంటే క్లబ్బులో అందరికీ మోజే. ఎర్రమూత పెట్టెల్లో సర్ది, అడిగినవాళ్ళ తుపాకికి తగ్గట్టు చేసి ఊరికే ఇచ్చేవాడు. ఆ పెట్టె చేతిలో ఉంటే గురి సగం కుదిరినట్టే అనేవాళ్ళు.

ఆ ఏడాది మార్చిలో, అక్కడి శరదృతువులో, చిల్లులు చెదరడం మొదలయింది.

మొదట బిళ్ళ కిందనుంచి ఒకటి బయటికొచ్చింది. తర్వాత రెండు. జూన్‌లో శీతాకాలం వచ్చేసరికి అరచెయ్యి పెట్టినా మూసుకోనంతగా చెదిరిపోయాయి. హెడ్లీ మందు డబ్బా మార్చాడు. ప్రైమర్లు ఇంకో రకం తెప్పించాడు. ఇత్తడి పెళుసెక్కిందేమోనని మూతులన్నీ మంటమీద తిప్పి మెత్తబరిచాడు. అయినా లాభం లేకపోయేసరికి రైఫిలు గొట్టం, బ్యారెల్, అరిగిందని తేల్చి, అడిలైడ్ నగరానికి పంపించి కొత్తది వేయించాడు. కొత్తదీ అంతే. శనివారం రేంజి నుంచి ఇంటికొచ్చి, కాగితం బల్లమీద పరిచి, మీదికి వంగి, చీకటి పడేదాకా చూస్తూ కూర్చునేవాడు.

"గాలి వల్ల, హెడ్లీ" అనేవాడు అర్నో. గాలి లేని రోజున కూడా గాలే అనేవాడు. ఆ శీతాకాలమంతా అర్నో తన పోటీలు మానుకుని ప్రతి శనివారం హెడ్లీ పక్కనే స్టూలు వేసుకుని, టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చున్నాడు. హెడ్లీకి అది ఎంతో బలంగా ఉండేది.

ఇంకో సంగతి ఉంది, అది హెడ్లీ ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో గరాటు చేత్తో పట్టుకుని నిలబడి, ఇప్పుడేం చెయ్యబోతున్నాను అని ఆలోచించాల్సి వస్తోంది. ఒకటి రెండుసార్లు కాదు. నిద్ర చాలడం లేదు, అంతే అనుకున్నాడు. షాపులో ఎవరైనా వచ్చి అలా చెప్పుకుంటే తను ఏమని సలహా ఇచ్చేవాడో అతనికి తెలుసు. ఆ సలహా దగ్గరికి మనసును పోనివ్వలేదు.

అక్టోబరులో, వారం తిరిగితే జిల్లా పోటీ అనగా, కొత్త పెట్టె పట్టుకుని రేంజికి వెళ్ళాడు. ఎడారి మీంచి ఉత్తరపు గాలి వేడిగా కొడుతోంది, మొహం మీద ఈగలు ముసురుతున్నాయి. మొదటి తూటా కాగితానికి ఎడమ అంచున తగిలింది. రెండోది కిందికి పోయింది. మూడోది కాల్చినప్పుడు పెద్ద చప్పుడు రాలేదు. పిల్లలు కాల్చే తుపాకి బిళ్ళ పేలినట్టు టప్పుమంది. భుజానికి తన్ను తగల్లేదు. కాగితం మీద కొత్త చిల్లు లేదు.

హెడ్లీ విసుక్కుని, రైఫిలు వెనక తెరిచే బోల్టు లాగి, ఖాళీ తొడుగు బయట పడేసి, నాలుగో తూటా తీసుకున్నాడు. దాన్ని లోపల పెట్టబోతుంటే అర్నో చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా అర్నో ఎప్పుడూ ఎవరినీ పట్టుకోలేదు.

"వదులు" అన్నాడు అర్నో.

"ఏంట్రా నీకు?"

"అది కింద పెట్టు హెడ్లీ. కింద పెట్టు ముందు."

అర్నోయే తూటా లాక్కుని, బోల్టు పూర్తిగా బయటికి తీసి, వెనకనుంచి బ్యారెల్ లోకి చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. హెడ్లీ వంగి చూశాడు. అటుచివర ఆకాశం గుండ్రంగా కనబడాలి. నల్లగా ఉంది.

ఆ తూటాలో మందు లేదు. అడుగునున్న నిప్పుబిళ్ళ ఒక్కటే పేలి, గుండును కాస్త దూరం తోసి గొట్టంలో ఇరికించింది. దాని వెనక ఇంకోటి పేల్చితే బ్యారెల్ చీలిపోతుంది, ఇనుము మొహంలోకి వస్తుంది. క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ, రైఫిలు చేతికివ్వకముందే, ఈ పాఠం చెప్పేది హెడ్లీయే. టప్పుమంటే ఆగు. ఎవరేమన్నా సరే, ఆగు. ఇన్నేళ్ళుగా అదే పాఠం, అవే మాటలు.

ఖాళీ తూటా చెయ్యడం పొరపాటు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కాని ఆ చప్పుడు విని కూడా తన చెయ్యి నాలుగోదాని కోసం వెళ్ళింది. అది పొరపాటు కాదని హెడ్లీకి ఆ బల్ల దగ్గరే తెలిసిపోయింది.

"నాకు తట్టలేదు" అన్నాడు.

"ఎండ మండిపోతోంది, ఇవాళ్టికి చాలు" అని అర్నో సామాను సర్దడం మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి అతని భార్య యూనా, మాంసం కూరిన పేస్టీలు వేడిచేసి ఉంచింది. హెడ్లీ ఆకలి లేదని చెప్పి నేరుగా షెడ్డులోకి పోయాడు. మిగిలిన తూటాల గుండ్లు ఊడదీసి, ఒక్కొక్క దాంట్లోని మందునూ ఒక్కొక్క సీసా మూతలోకి ఒంపి, తూచడం మొదలుపెట్టాడు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది బాగా తక్కువ. మూడోది మూతిదాకా కూరి ఉంది. త్రాసు చెడిందనుకుని, తూకపు రాళ్ళు పెట్టి చూశాడు. ముల్లు వెంట్రుకంత కూడా తప్పలేదు. మళ్ళీ చూశాడు. ఆ త్రాసు మీద తూచి ఊళ్ళో పసిపిల్లలకు మందిచ్చాడు. అది అబద్ధం చెప్పదు.

తర్వాతి తూటా ఒంపినప్పుడు మూతలో పుల్లలు పడలేదు. బూడిదరంగు రేకులు పడ్డాయి.

అది కాకులను కొట్టే షాట్‌గన్నుకు వాడే మందు. గుప్పున అంటుకునే రకం. దాన్ని రైఫిలు తూటాలో కూరితే అది తూటా కాదు, బాంబు. బల్లమీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండాలన్నది హెడ్లీ పెట్టుకున్న కట్టుబాటు. తలెత్తి చూశాడు. బల్లమీద రెండు డబ్బాలు పక్కపక్కనే మూతలు తీసి ఉన్నాయి. రెండోది ఎప్పుడు తీశాడో గుర్తు లేదు. ఎంత తడిమినా రాలేదు.

పెట్టెలో అలాంటివి ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం తన చేతిలోంచి లాక్కున్న తూటాను కూడా అర్నో తిరిగి ఆ పెట్టెలోనే పెట్టాడు. అది వాటిలో ఒకటా కాదా అన్నది హెడ్లీ తెలుసుకోదలుచుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇదే దఫాలో చేసిన ఇంకో పెట్టె ఎవరికో ఇచ్చాడు. ఇచ్చినట్టు బాగా గుర్తుంది. బండి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, తను ఎర్రమూత పెట్టె ఆ చేతిలో పెట్టాడు, "పోటీకి దాచుకో" అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో గుర్తు రాలేదు. ఆడదా మగదా కూడా గుర్తు రాలేదు.

వంటింట్లోకి వెళ్ళి యూనా ఎదురుగా నిలబడ్డాడు. "నా తూటాలు ఎవరో పట్టుకెళ్ళారు. అవి పేలిస్తే మనిషి పోతాడు. ఎవరికిచ్చానో తెలియడం లేదు యూనా" అన్నాడు.

ఆమె ఏమిటని అడగలేదు. చేతులు తుడుచుకుని ఫోను దగ్గరికి వెళ్ళింది. హెడ్లీ తలుపు దగ్గర నిలబడి, తన భార్య క్లబ్బువాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, హెడ్లీ ఇచ్చిన తూటాలు కాల్చవద్దని చెప్పడం విన్నాడు. అవతలివాళ్ళు ఏమంటున్నారో వినబడలేదు. కాని ప్రతి ఫోనూ చాలా త్వరగా అయిపోయింది. ఎవరూ కంగారుపడినట్టు లేదు. ఎవరూ ఎందుకని అడిగినట్టు కూడా లేదు.

కాసేపటికి అర్నో ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగింది. అర్నో అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి వంటింటి బల్లమీద పెట్టాడు. దాన్నిండా ఎర్రమూత పెట్టెలు. కొన్నిటి అంటింపు కూడా ఊడలేదు.

"అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా బయట లేదు" అన్నాడు.

హెడ్లీకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఒక కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. తర్వాత పెట్టెలవైపు చూస్తూ చూస్తూ ఉండగా అసలు సంగతి మెల్లగా తలకెక్కింది. అవి ఒక్క దఫావి కావు. శరదృతువు నుంచి ఇచ్చినవన్నీ అందులో ఉన్నాయి.

"ఎవరూ కాల్చలేదా?"

అర్నో టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఈస్టరు ముందు హెడ్లీ ఇచ్చిన తూటా ఒకటి తన రైఫిల్లో ఎంత బలంగా పేలిందంటే బోల్టు బిగుసుకుపోయి, సుత్తితో కొడితేగాని ఊడి రాలేదని చెప్పాడు. ఆ సాయంత్రమే మిగతావి విప్పి చూశాడట. మర్నాడు క్లబ్బులో అందరికీ చెప్పాడట. ఆరోజు నుంచీ ఎవరూ కాల్చలేదు. పెట్టె ఇస్తే థాంక్స్ చెప్పి తీసుకునేవాళ్ళు, అర్నోకి తెచ్చి ఇచ్చేవాళ్ళు. భలే తగిలాయి హెడ్లీ అనేవాళ్ళు. హెడ్లీకి ఆ మాటలన్నీ గుర్తున్నాయి. మరిచిపోవలసినవాటిలో అవి పోలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబుదామని వచ్చాను. ఒకటికి మూడుసార్లు వచ్చాను. నువ్వు త్రాసు దగ్గర కూర్చోబెట్టి పుల్లలు లెక్కపెడుతూ చూపించేవాడివి. నా నోరు పెగల్లేదు."

"నన్ను కాల్చనిచ్చావు."

"పక్కనే కూర్చున్నాను కదరా" అన్నాడు అర్నో. ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో, టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు.

హెడ్లీ యూనావైపు తిరిగాడు. ఆమె స్టవ్వు దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. ఆ వీపు చూడగానే అతనికి అర్థమయింది.

"నీకూ తెలుసు."

"గురి తప్పుతుందని మాత్రమే తెలుసు" అంది యూనా తిరగకుండానే. "చస్తావని తెలియదు. అర్నో ఆ మాట నాకు చెప్పలేదు. గురి సంగతి నీకు చెప్పొద్దని అతనితో నేనే అన్నాను. షెడ్డులోంచి వచ్చినప్పుడు నువ్వు నువ్వులా ఉండేవాడివి హెడ్. మిగతాప్పుడు ఉండేవాడివి కాదు. అది కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది నాకు?"

యూనా టీ పోసింది, ఎవరూ తాగలేదు. అర్నో అట్టపెట్టె ఎత్తుకుని, షెడ్డులోని డబ్బాలు రెండూ తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. అడిలైడ్‌లో డాక్టరు మతిమరుపు పరీక్షకని గడియారం బొమ్మ గియ్యమన్నాడు, హెడ్లీ గీశాడు. డాక్టరు దాన్ని చూసి మడిచి పెట్టేశాడు. రైఫిళ్ళు పోలీసు స్టేషన్లో అప్పజెప్పినరోజు కానిస్టేబులు మర్యాదగానే ఉన్నాడు. కారు లైసెన్సు కూడా పోయింది. జిల్లా పోటీ అతను లేకుండానే జరిగింది. ఇవన్నీ హెడ్లీ తలవంచి పడ్డాడు. వీటన్నిటికంటే పెద్దది ఒకటి అతన్ని పట్టుకుంది.

అది క్రిస్మస్ దాటాక బయటపడింది. ఒకరోజు పొద్దున్నే బట్టలు వేసుకుని, టై కట్టుకుని హాల్లో కూర్చున్నాడు. ఎక్కడికని యూనా అడిగితే, షాపు చివరి సంవత్సరాల్లో ఊళ్ళో పోయినవాళ్ళు ఎవరెవరో చెప్పమన్నాడు.

"ఎందుకు?"

"ఇది ఈ ఏడాదే మొదలయిందని ఎవరు చెప్పారు? నాకు తెలియకుండా శరదృతువు నుంచి జరిగింది. అంతకుముందు నాకు తెలియకుండా ఇంకెంత జరిగిందో. అక్కడ షాపులో గురి చూసుకోవడానికి కాగితం లేదు యూనా. వాళ్ళు మింగేశారు."

ట్రెవోరో వాళ్ళ ముసలావిడ గుండె మాత్రలు తను ఇచ్చాడు, ఆవిడ పోయింది. బెంట్ వాళ్ళ చిన్నమ్మాయికి ఫిట్స్ మందు తను కలిపిచ్చాడు. ముసలావిడకు అప్పటికే తొంభై దాటాయని యూనా చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోందని చెప్పింది. షాపు అమ్మినప్పుడు కొన్నవాళ్ళు అన్నీ తనిఖీ చేసుకున్నారని చెప్పింది. హెడ్లీ శ్రద్ధగా విన్నాడు. విని, "అయితే ఖాయంగా చెప్పగలవా?" అని అడిగాడు. యూనా చెప్పగలనంది. ఆమె గొంతులో తేడా అతను పట్టేశాడు. ఎంత మరిచినా భార్య గొంతు ఇంకా మరిచిపోలేదు.

ఆ వేసవంతా అతను శ్మశానానికి వెళ్తూ ఉండేవాడు. యూనా తీసుకెళ్ళక తప్పేది కాదు. తీసుకెళ్ళకపోతే ఎండలో నడుచుకుంటూ పోయేవాడు. రాళ్ళమీద పేర్లు చదువుతూ, కొన్నిటి దగ్గర ఆగి, వీళ్ళకు నేనేమిచ్చాను అని ఆలోచిస్తూ నిలబడేవాడు. జవాబు దొరికేది కాదు. జవాబు ఇచ్చే చోటే అతనిలో రోజురోజుకూ చెరిగిపోతోంది.

మళ్ళీ శీతాకాలం వచ్చేసరికి పేర్లు పోయాయి. రైఫిలు అన్న మాట పోయింది. గోడమీది కాగితాలు చూపిస్తే ఎందుకు చిల్లులు పొడిచారని అడిగాడు. షాపు ఎక్కడుండేదో పోయింది. యూనాను కొన్నిరోజులు అక్క అనుకున్నాడు, కొన్నిరోజులు నర్సు అనుకున్నాడు. భయం మాత్రం పోలేదు. దేని గురించో, ఎవరి గురించో తెలియని భయం, మొదట ఎంత ఉందో అంతే ఉంది. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి చెంచా కింద పెట్టి, "ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగేవాడు. లేదంటే సరే అనేవాడు. రెండు ముద్దలు తిని మళ్ళీ అడిగేవాడు.

"అన్నీ పోయాయి కదా, అదొక్కటీ ఎందుకు పోదు అర్నో?" అని యూనా ఒకసారి అడిగింది. అర్నో రేంజికి వెళ్ళడం మానేశాడు. శనివారం పూట ఇక్కడికే వచ్చి హెడ్లీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. హెడ్లీ అడిగినప్పుడల్లా, "ఎవరికీ ఏమీ కాలేదురా. అందరూ బాగున్నారు" అని చెప్పేవాడు.

ఒక శనివారం అర్నో వెళ్ళడానికి లేస్తే హెడ్లీ కూడా లేచి గుమ్మం దాకా వచ్చాడు. అతని చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. కొత్తగా పరిచయమైన పెద్దమనిషితో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీరు ఊళ్ళోకే వెళ్తున్నారు కదండీ. అందరినీ ఒకసారి కనుక్కుంటారా?"

కనుక్కుంటానండీ అన్నాడు అర్నో.